మూత తీసిన డబ్బా

(ధారావాహిక ‘ఇసుక గుంట’ – పదకొండో వారం)

పోయిన వారం మనం దుర్గ షెడ్డులో, ఎర్ర కారు ముందు, జవాబు లేని ఒక ప్రశ్న దగ్గర ఆగాం. మధ్యలో వచ్చి చేరిన వారి కోసం వెనకటి సంగతి కాస్త.

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర ‘అప్పలస్వామి అండ్ సన్స్’ అనే ఆటో స్పేర్ల కొట్టు ఉంది. బోర్డు మీద ఎందరు సన్స్ ఉన్నా, సావుకారు అప్పలస్వామికి ఉన్నది ఒక్క కొడుకు ప్రదీపూ, ఒక్క కూతురు కన్యాకుమారీ. కొడుక్కి బళ్ల సామాను అమ్మడం వచ్చు, కూతురికి బండి నడపడం వచ్చు. నడపడమంటే బజారుకెళ్లి కూరలు తేవడం కాదు. చెన్నై అవతల ఒక రేసు ట్రాకులో మామూలు మనుషులు కూడా సొంత కార్లు తెచ్చుకుని రోజంతా ఇష్టమొచ్చినంత వేగంగా తోలుకునే రోజులు కొన్ని పెడతారు. ట్రాక్ డే అంటారు. తన ఎర్ర స్పోర్ట్స్ కారుతో మూడేళ్లుగా కన్య ఒక్కటి కూడా మానలేదు.

పోయిన నెల అక్కడే, ఆరో రౌండులో, నూట ఎనభై మీద వస్తూ ఆఖరి మలుపు ముందు బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. కారు మలుపు తప్పి ఇసుక గుంటలో పడింది. అదృష్టం, దెబ్బలు తగల్లేదు. కానీ బండిని బయటికి లాగి అరగంట తర్వాత అక్కడి మెకానిక్కు కాలు పెట్టి చూస్తే పెడల్ గట్టిగా ఉంది. పైపులో లీకు లేదు, తెగిన భాగం లేదు. ‘‘అమ్మాయి బెదిరిపోయి కాలు తీసేసింది’’ అని తేల్చేశారు. బ్రేకులకు పూచీ ఉండే మెకానిక్కు సంతకం తెస్తే తప్ప మళ్లీ ట్రాకు మీదకు రావద్దన్నారు. సొంత అన్నే కారు అమ్మేయమన్నాడు. ఆ రోజు నుంచి కన్యకు అన్నం సయించడం లేదు. కారు పోతుందని కాదు, తొక్కిన కాలిని తీశానని లోకం అంటున్నందుకు.

నమ్మింది ఒక్క దుర్గ. కళింగపట్నం రోడ్డులో షెడ్డు నడిపే ఆ ముప్పై మూడేళ్ల మెకానిక్కు పోయిన వారం కారు ముందు మూత ఎత్తి, బ్రేకు నూనె డబ్బీలో వేలు ముంచి, వెలుగులో పెట్టి చూసి, ‘‘ఈ నూనె ఎక్కడిది?’’ అని అడిగింది.

‘‘మా కొట్టుదే’’ అంది కన్య. దుర్గ ఇంకేం మాట్లాడలేదు.

ఆ మాట్లాడకపోవడమే కొంప ముంచింది. శ్రీకాకుళంలో అన్న మాట కంటే అనని మాట ముందు ఊరు తిరుగుతుంది. తెల్లారేసరికి అది ఏడురోడ్ల కూడలికి చేరింది.

అప్పలస్వామి కోపం మీకు అర్థం కావాలంటే ఆయన డబ్బా సంగతి తెలియాలి. నలభై రెండేళ్ల కిందట కొట్టు పెట్టిన కొత్తలో ఆటోల వాళ్లకి, జీపుల వాళ్లకి బ్రేకు నూనె సీసా మొత్తం అక్కర్లేకపోయేది. ఒక్క గిద్దెడు చాలు. అందుకని ఆయన అయిదు లీటర్ల డబ్బాకి అడుగున కుళాయి బిగించి, ఇత్తడి గిద్దతో కొలిచి, ఎవరి సీసాలో వాళ్లకి పోసేవాడు. గిద్ద నిండాక పైన నాలుగు చుక్కలు కొసరు. కొసరు పోయని సావుకారుకి పుట్టగతులుండవని ఆయన నమ్మకం. శ్రీకూర్మం నుంచి ఆమదాలవలస దాకా ఆ కొసరు తాగి తిరిగిన ఆటోల్లో ఒక్కటి కూడా బ్రేకు పోయిందని వెనక్కి రాలేదు. ఇది కథ కోసం చెబుతున్న మాట కాదు, ఆయన నిజంగా అంత నికార్సయిన మనిషి.

అందుకే పోయిన నెల ట్రాకుకి బయల్దేరే ముందు కన్య కూడా ఆ కుళాయి కిందే సీసా పట్టింది. బయట ఎన్ని రకాల సీసాలు దొరికినా, సొంత కొట్లో నూనె ఉండగా పరాయి కొట్టు తొక్కితే నాన్న పరువేం కాను? సావుకార్ల బిడ్డకి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది. కూతురు కదా అని ఆయన కొసరు నాలుగు చుక్కల చోట ఎనిమిది పోశాడు.

ఇక ఈ వారం సంగతి.

పొద్దున్న ఎనిమిదిన్నర. ముసురు పట్టి ఉంది. కొట్టు వ్యాను దుర్గ షెడ్డు ముందు ఆగింది. డ్రైవరు సీట్లోంచి ప్రదీప్ దిగి గొడుగు విప్పేలోపే అవతలి తలుపులోంచి అప్పలస్వామి దిగేశాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చంకలో అయిదు లీటర్ల డబ్బా, చేతిలో ఇత్తడి గిద్ద. పోయినేడు గుండెకి స్టెంటు వేసిన డాక్టరు బరువులెత్తొద్దన్నాడు. ఆ మాట గుర్తు చేయబోయిన కొడుకు, తండ్రి మొహం చూసి నోరు మూసుకున్నాడు.

‘‘దుర్గా! ఎక్కడే నువ్వు? బయటికి రా!’’

దుర్గ కారు కింద నుంచి పాక్కుంటూ వచ్చింది. చేతులు గుడ్డతో తుడుచుకుంది. ‘‘రండి సావుకారు బాబూ. అలగ కూకోండి. అమ్మా, బాబుకి స్టూలెయ్యి.’’

షెడ్డు గుమ్మంలో ఎండు చేపల గంప దగ్గర కూర్చున్న దుర్గ తల్లి అసిరమ్మ లేవబోయింది.

‘‘కూకోడానికి రానేదు. నా నూనె బాగోనేదన్నావంట. నాకేసి సూసి సెప్పు.’’

‘‘అలగ అననేదు. ఎక్కడిదని అడిగేను, అంతే.’’

‘‘అడగడమే అనడం. ఏటే, నలభై రెండేళ్ల కొట్టది. ఒక్కడంటే ఒక్కడు వేలెత్తి సూపించనేదు. ఇదిగో డబ్బా, ఇదిగో గిద్ద. ఇందులో కల్తీ ఉన్నాదని నిరూపించు, రేపు కొట్టుకి తాళం ఏసెస్తాను. నిరూపించనేకపోతే ఆ ఏడురోడ్ల కాడే నిలబడి తప్పయ్యిందని సెప్పాల.’’

కారు వెనక నిలబడ్డ కన్య ముందుకొచ్చింది. ‘‘నాన్నా, దుర్గక్క నా కోసం...’’

‘‘నువ్వు ఆగు.’’

దుర్గ మొహంలో భయం లేదు, ఎదిరింపూ లేదు. దుర్గ తండ్రి కూర్మయ్య సముద్రం మీదకి వెళ్లే మనిషి. ఇంట్లో మొదటిసారి రెంచీ పట్టింది ఈ పిల్లే. పడవ ఇంజన్లతో మొదలుపెట్టి, విశాఖపట్నంలో ఆరేళ్లు బ్రేకుల పని ఒక్కటే నేర్చుకుని వచ్చి ఈ షెడ్డు పెట్టింది. పెట్టిన కొత్తలో ‘‘ఆడది బిగించిన బ్రేకుకి బండి ఆగుతాదేటి’’ అని నవ్వినవాళ్లే ఇవాళ కాలేజీ బస్సులు తెచ్చి వరసలో పెడుతున్నారు. చేతిలో పని ఉన్న మనిషికి గొంతు పెంచాల్సిన అవసరం రాదు.

‘‘నిరూపిస్తాను బాబూ. అయితే అంకెలు నాను సదవను. మీరే సదవాల’’ అంది.

షెడ్డు వెనక గాలి ఆడే చోట కరెంటు పొయ్యి పెట్టింది. కళ్లకి అద్దాలు తగిలించుకుని, అందర్నీ నాలుగడుగులు వెనక్కి జరగమంది. మూడు స్టీలు గ్లాసులు తెచ్చి వరసగా పెట్టింది. మల్టీమీటరుకి వేడి కొలిచే తీగ గుచ్చి, మీటరు తీసుకెళ్లి అప్పలస్వామి చేతిలో పెట్టింది. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. త్రాసు ముల్లు కేసి నలభై రెండేళ్లు చూసిన చూపు అది, తప్పు చదవదు.

‘‘ముందు మీ కొట్లో సీలు తీయని సీసా. మొన్న ప్రదీప్ బాబు కాడ కొన్నాను. డబ్బా మీదున్న కంపెనీయే, డాట్ ఫోర్ అని రాసుంటాదే, అదే నాలుగో నంబరు నూనె. సీలు మీరే తియ్యండి.’’

ఆయనే తీశాడు. గ్లాసులో రెండు వేళ్ల మందం పోసి పొయ్యి మీద పెట్టింది. అంకెలు ఎక్కుతున్నాయి. వంద, నూట యాభై, రెండు వందలు. నూనె కదల్లేదు. రెండు వందల ముప్పై ఎనిమిది దగ్గర అడుగు నుంచి బుడగలు లేచాయి.

‘‘రెండు వందల ముప్పై ఎనిమిది’’ అన్నాడు అప్పలస్వామి, గర్వంగా. ‘‘సూసేవా? నా సరుకు.’’

‘‘మీ సరుకే. ఇప్పుడు డబ్బాలోది. కుళాయి మీరే తిప్పండి.’’

గిద్దతో కొలిచి పోశాడు. అలవాటు కొద్దీ పైన నాలుగు చుక్కలు కూడా పోశాడు. దుర్గ పెదవి మీద చిన్న నవ్వు వచ్చి పోయింది. గ్లాసు పొయ్యి మీదకెక్కింది. వంద. నూట ఇరవై. నూట యాభై దాటిందో లేదో గ్లాసు అడుగున ముత్యాల్లాంటి బుడగలు కనపడ్డాయి. ఇంకో నిమిషానికి కుతకుతమంది.

వాన రేకు మీద పడుతున్న చప్పుడు వినపడుతోంది.

‘‘ఎంతండీ బాబూ?’’ అంది దుర్గ.

అప్పలస్వామి మీటరు కేసి చూశాడు, గ్లాసు కేసి చూశాడు, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని చూశాడు. ‘‘నూట యాభై ఎనిమిది’’ అన్నాడు. గొంతు తగ్గింది.

మూడో గ్లాసులోది నిన్న కారు ముందు చక్రం దగ్గర నుంచి తీసిన నూనె. పాత టీ రంగులో ఉంది. నూట నలభై తొమ్మిదికే పొంగింది. ఆ అంకె ఆయన పైకి చదవలేదు. మీటరు తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

‘‘ఆ మలుపు కాడ మీ బిడ్డ కాలు తీయనేదు బాబూ’’ అంది దుర్గ. ‘‘ఆరు రౌండ్లు అంత ఏగం మీద తొక్కి తొక్కి ఆపితే సక్రం కాడ రెండు వందలు దాటిపోయింది. అక్కడ నూనెని ఆపే రబ్బరు మాడిపోయి ఉన్నాది, రండి సూపిస్తాను. నూనె ఆ ఏడికి పైపులోనే మరిగిపోయింది. మరిగితే ఆవిరి బుడగలే కదా? నూనెని తొక్కితే నొక్కుకోదు, బ్రేకుని తోస్తాది. బుడగని తొక్కితే అదే నొక్కుకుపోతాది. పెడల్ నేలకి దిగిపోతాది. అరగంట బండి నిలబెడితే సల్లారి బుడగలు మళ్లీ నూనెలో కలిసిపోతాయి. పెడల్ గట్టిపడిపోతాది. ఆ మెకానిక్కు వచ్చేసరికి ఏటున్నాది సూడ్డానికి?’’

కన్య అక్కడే కారు బంపరు మీద కూలబడింది. నెల రోజుల నుంచి రాత్రుళ్లు తన కాలిని తనే అనుమానించిన పిల్ల అది. నిజంగా బెదిరానేమో, తెలియకుండా తీసేశానేమో అని ఒక్కో రాత్రి మంచం మీద కాలు చాపి, లేని పెడల్‌ని తొక్కి చూసుకునేది. ఇప్పుడు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. సంతోషంతో ఏడ్చే హక్కు ఆ వేళ షెడ్డులో ఆ పిల్లకే ఉంది.

ప్రదీప్ చెల్లెలి పక్కకి వచ్చి నిలబడ్డాడు. ‘‘కన్యా... కారు అమ్మేయమన్నాను కదా...’’

‘‘ఆఁ, అన్నావు.’’

‘‘అమ్మొద్దు’’ అన్నాడు. అంతకంటే మంచి క్షమాపణ వాడికి చేతకాదు. కన్యకి ఆ సంగతి తెలుసు.

అప్పలస్వామి మాత్రం ఇంకా డబ్బా దగ్గరే నిలబడ్డాడు. ‘‘కల్తీ ఎవుడు కలిపేడు? ప్రదీపూ, ఈ డబ్బా ఎవుడు ముట్టుకున్నాడు?’’

‘‘ఎవులూ కలపనేదు బాబూ’’ అంది దుర్గ. ‘‘గాలి కలిపింది. ఈ నూనె గాలిలో తేమ తాగుతాది. మీరు మూత వదులుచేసి రోజుకి ఇరవై సార్లు కుళాయి తిప్పుతారు. బయటికెల్లిన నూనె జాగాలోకి గాలి దూరుతాది. మనది సముద్రం గాలి.’’

‘‘నూనె నీళ్లు తాగడమేటే! నూనె, నీళ్లు కలుస్తాయా ఎక్కడైనా?’’

వంటింటి నూనె అయితే ఆయన మాటే నిజం. దీన్ని నూనె అనడం మన అలవాటే తప్ప ఇది ఆ జాతి కాదు. ఆ మాట ఎలా చెప్పాలా అని దుర్గ చూస్తుంటే, అప్పటిదాకా గంప దగ్గర నోరు మెదపని అసిరమ్మ అందుకుంది.

‘‘సావుకారూ, ఒక మాటడుగుతాను, కోప్పడకండి. మీ నాన్నగారి ఉప్పు కొట్టు గుర్తున్నాదా?’’

‘‘గుర్తుండకేటి?’’

‘‘సేపలు ఎండేసుకోడానికి నాను ఆ కొట్లోనే ఉప్పు కొనేదాన్ని. వోనాకాలం వస్తే ఆయన బస్తా మూతి ఒక్క చనం ఇప్పి ఉంచేవోరు కాదు. కొలవడం, కట్టెయ్యడం. కొలవడం, కట్టెయ్యడం. ఓపాలి పనోడు మూతి కట్టడం మర్సిపోతే సెంప పగలగొట్టేరు. మూత తీస్తే సముద్రం లోపలికొచ్చి కూకుంటాదిరా అనీవోరు. మీరూ అక్కడే ఉన్నారు కదా, సిన్న బాబు.’’

అప్పలస్వామి స్టూలు కోసం చేత్తో వెతికాడు. కన్య దాన్ని ఆయన కిందకి జరిపింది. కూర్చున్నాడు.

తండ్రి చేతి దెబ్బ ఆ రోజు తిన్నది పనివాడు కాదు. తనే. అసిరమ్మ ఆ సంగతి మర్చిపోయిందో, మర్చిపోయినట్టు మర్యాద చేసిందో ఆయనకి తెలియలేదు. ఉప్పు దగ్గర నేర్చుకున్న బుద్ధి నూనె దగ్గర మర్చిపోయాడు. ఆటోలు ముప్పై మీద పోతాయి, వాటి బ్రేకులకి ఆ వేడి ఎప్పుడూ రాదు, అందుకని ఆ మరుపు ఇన్నేళ్లూ బయటపడలేదు. బయటపడింది కన్నకూతురి కాలి కింద.

‘‘నా సేత్తోనే పోసేను’’ అన్నాడు. ‘‘కొసరు కూడా పోసేను.’’

‘‘నాన్నా, అడిగింది నేనే కదా’’ అంది కన్య.

ఆయన ఆ మాట విన్నట్టు లేదు. లేచి, డబ్బా ఎత్తి, మూలనున్న కాలిన నూనె పీపా దగ్గరకి నడిచాడు. ప్రదీప్ సాయం రాబోతే కళ్లతోనే ఆపాడు. కుళాయి పూర్తిగా తిప్పి వదిలేశాడు. అప్పలస్వామి చేత్తో సరుకు పారబోయడం ఏడురోడ్ల కూడలి ఎన్నడూ చూడలేదు. చివరి చుక్క దాకా నిలబడి, ఖాళీ డబ్బా కింద పెట్టి, ఇత్తడి గిద్ద దుర్గ చేతిలో పెట్టాడు.

‘‘ఇంక దీంతో పని నేదు. రేపట్నుంచి సిన్న సీసాలే, సీలు తీయనివే. నువ్వు నట్లేసుకో ఇందులో. ఏడురోడ్ల కాడ తప్పయ్యిందని నిన్ను సెప్పమన్నాను కదా? నానే సెప్తాను. అప్పలస్వామి కూతురు అబద్ధం ఆడదు, కాలు తీయదు అని కూడా సెప్తాను.’’

దుర్గ ఆ గిద్దని రెండు చేతులా అందుకుంది. విశాఖపట్నంలో ఇచ్చిన సర్టిఫికెట్టు కూడా ఆ పిల్ల అంత జాగ్రత్తగా పట్టుకోలేదు.

అయితే సావుకారు సావుకారే. అయిదు నిమిషాలు కాకముందే మళ్లీ పుంజుకున్నాడు. వ్యానులోంచి ఒక సీసా తెప్పించాడు. ‘‘సరే. కొత్తది ఇది పొయ్యి. అయిదో నంబరు. నాలుక్కంటే అయిదు పెద్దదే కదా?’’

‘‘వద్దు బాబూ. అది సిలికాన్. జాతే వేరు. పాత నూనెతో కలవదు, సన్నటి గాలి బుడగలు పట్టి ఉంచుతాది. ఈ కారు బ్రేకు కంప్యూటరుకి అది పడదు. అంకె పెద్దదని పోస్తే పెడల్ మెత్తగా అయిపోతాది.’’

‘‘అయిదు పాయింటు ఒకటి అని ఇంకోటుంది కదక్కా?’’ అన్నాడు ప్రదీప్.

‘‘అది మన జాతిదే. రోజూ తిరిగే బండికి మంచిదే. కన్య తోలే తోలుడికి సాలదు.’’ బీరువా తాళం తీసి రెండు చిన్న సీసాలు బయట పెట్టింది. ‘‘ఇదిగో. పేరుకి ఇదీ నాలుగో నంబరే. కాని రేసు బళ్ల కోసం సేసింది. మూడు వందల డిగ్రీలు దాటితే గాని మరగదు.’’

‘‘ఏదీ, మరిగించి సూపించు.’’

‘‘సూపించను. మూత తీస్తే ఇది మీ డబ్బా కన్నా జోరుగా తేమ తాగుతాది. అంత ఏడి ఆపే నూనెకి అంత దాహం. అందుకే ఇలాటిది మామూలు బళ్లకి పొయ్యరు. కన్య ట్రాకుకి ఎల్లే ప్రతిసారీ ముందు రోజు పాతది తీసేసి కొత్తది పొయ్యాల. మిగిలింది పారబొయ్యాల.’’

‘‘మిగిలింది పారబొయ్యడమా!’’ ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ‘‘ఏ ఆటోవోడికో...’’

‘‘నాన్నా!’’ అన్నారు కొడుకూ కూతురూ ఒక్కసారే. అసిరమ్మ పకపకా నవ్వింది. ఆఖరికి ఆయన కూడా నవ్వాడు.

పాత నూనె తీసి కొత్తది ఎక్కించడానికి ఇద్దరు కావాలి. ఒకరు చక్రం దగ్గర చిన్న నట్టు విప్పి బిగించాలి. ఇంకొకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి. కన్య డ్రైవరు సీటు వైపు వెళుతుంటే అప్పలస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు.

‘‘నాను తొక్కుతాను.’’

మూడేళ్లలో ఆయన కూతురి కారెక్కడం అదే మొదటిసారి. లోతు సీటులోకి పంచె సర్దుకుంటూ దిగాడు. చెప్పులు బయట విడిచిపెట్టాడు. కన్య తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఏది పెడల్, ఎంత మెల్లగా తొక్కాలి అని చెబుతుంటే బడికెళ్లే పిల్లాడిలా తల ఊపాడు.

నూనె డబ్బీకి అన్నింటికంటే దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రం నుంచి దుర్గ మొదలుపెట్టింది. ‘‘తొక్కండి బాబూ... పట్టండి... వదలొద్దు... ఆఁ, ఇప్పుడు వదలండి.’’ గొట్టంలోంచి టీ రంగు నూనె బుడగలతో వచ్చి సీసాలో పడింది. ‘‘తొక్కండి... పట్టండి...’’ రంగు పలచబడింది. నాలుగు చక్రాలూ అయ్యేసరికి గంట పట్టింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి కాలు నొప్పి అనలేదు. ఆఖరి చక్రం దగ్గర నుంచి కొత్త నూనె తేటగా, ఒక్క బుడగ లేకుండా వచ్చింది.

‘‘ఇప్పుడు గట్టిగా తొక్కండి.’’

తొక్కాడు. పెడల్ ఒక్క అంగుళం దిగి ఆగిపోయింది. ఇంకా బలంగా తొక్కాడు. కదల్లేదు. ఆయన మొహం విప్పారింది.

‘‘రాయిలా ఉన్నాదే, దుర్గా!’’

‘‘ఉండాల.’’

కారు డాష్‌బోర్డు మీద నెల రోజులుగా పడి ఉన్న ట్రాకు వాళ్ల ఫారాలు కన్య బయటికి తీసింది. ‘బ్రేకులకు బాధ్యత వహించు మెకానిక్కు’ అని ఉన్న చోట దుర్గ చేతులు కడుక్కుని వచ్చి సంతకం పెట్టింది. పేరు పక్కన తండ్రి పేరు కూడా రాసింది, కూర్మయ్య అని. అసిరమ్మకి చదువు రాదు. ఆ కాగితం చేతిలోకి తీసుకుని, కూతురి పేరు ఎక్కడుందో అడిగి, దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే చూసింది. ‘‘పడవ మీద మీ అయ్య పేరు రంగుతో రాయించేం. గాలికి పోయింది. ఇది పోదు కదే?’’ అంది. పోదమ్మా అంది దుర్గ.

ప్రదీప్ ట్రాకు వాళ్లకి ఫోను కలిపి కాగితం తయారైందని చెప్పాడు. అవతలి మనిషి చెప్పింది విని మొహం ముడుచుకుని ఫోను పెట్టేశాడు.

‘‘ఆదివారం రమ్మన్నారు. ఒక షరతు. మొదటి రౌండు ట్రాకు మీద ఇంకో కారు లేకుండా, అందరూ చూస్తుండగా కన్య తోలాలంట. అదే వేగం, అదే ఆఖరి మలుపు. బ్రేకులకి పూచీగా ఎంతమంది సంతకం పెట్టినా సరే, వాళ్లలో ఒకరు పక్క సీట్లో కూర్చోవాలంట.’’

‘‘కూకుంటాను’’ అంది దుర్గ, క్షణం ఆలోచించకుండా.

‘‘నువ్వు కాదు’’ అన్నాడు అప్పలస్వామి. ఆయన ఇంకా డ్రైవరు సీట్లోనే ఉన్నాడు, కాలు పెడల్ మీదే ఉంది. ‘‘ఆ కాయితం ఇలా తే. నీ పేరు కింద నాను కూడా పెడతాను సంతకం. పాత నూనె పోసింది నాను. కొత్తది తొక్కి ఎక్కించింది నాను. ఆ సీట్లో కూకునేది కూడా నానే.’’

‘‘నాన్నా, నూట ఎనభై!’’ అంది కన్య. ‘‘అన్నయ్య బండి యాభై దాటితే కళ్లు మూసుకుంటావు.’’

‘‘మూసుకోను. ఆ మలుపు కాడ నా బిడ్డ కాలు తీయదని సెప్పడానికి పక్కన ఒక సాక్షి ఉండాల కదా? మొదటిసారి పక్కన ఎవుడూ నేడు. ఈసారి ఉంటాడు.’’

తండ్రి తన గురించి ఇలా అనగా వినాలని చిన్నప్పటి నుంచి ఎంత ఆశపడిందో కన్యకి ఆ క్షణంలోనే తెలిసింది.

అప్పలస్వామి దుర్గ పేరు కింద సంతకం చేశాడు. పక్క సీట్లో కూర్చునే మనిషి నింపాల్సిన రెండో కాగితం అందుకున్నాడు. పేరు రాశాడు, వయసు రాశాడు. కొట్టు చిరునామా గుండ్రటి అక్షరాలతో రాశాడు. తర్వాతి ప్రశ్న దగ్గర ఆయన కలం ఆగింది.

ప్రదీప్ భుజం మీద నుంచి వంగి చదివి, మెల్లగా వెనక్కి తగ్గాడు. తను చెప్పలేడు. చెప్పకుండా ఉండలేడు.

‘గుండెకు సంబంధించిన చికిత్స ఏదైనా జరిగిందా? అవును / కాదు. (అవును అయితే కారులో కూర్చోవడానికి అనుమతి లేదు.)’

నలభై రెండేళ్లలో కొలతలో గాని, మాటలో గాని, కాగితం మీద గాని ఒక్క అబద్ధం ఆడని సావుకారు తల ఎత్తాడు. కారు తలుపు దగ్గర కన్య తన పాత హెల్మెట్‌ని ఆయన కోసం సిద్ధం చేస్తూ, పట్టీ వదులు చేస్తోంది. ఆ పిల్ల మొహంలో నెల రోజుల తర్వాత వెలుగు వచ్చింది, ఆ సంతోషంలో నాన్న స్టెంటు మాటే తనకి గుర్తు లేదు.

ఆయన కలం ఆ రెండు మాటల మధ్యకి దిగింది.